ఇసుక జల్లెడ పట్టిన చేతికి రంగు జల్లెడ
గల్ఫ్‌లో సైట్ సూపర్‌వైజర్... ఇంటి వసారాలో స్క్రీన్ ప్రింటింగ్ విద్యార్థి

సెలవు ఖాయమైతే మనం చేసే మొదటి పని కార్టన్ కట్టడం. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, సబ్బులు, సెంటు సీసాలు, పిల్లలకు చాక్లెట్లు. 2022 మే నెలలో నేను షార్జా నుంచి జగిత్యాల దగ్గరి మా ఊరికి వెళ్ళినప్పుడు నా కార్టన్‌లో వీటితో పాటు ఇంకో వస్తువు కూడా ఉంది. అడుగు పొడవు చెక్క పిడి, దానికి ఒక మందపాటి రబ్బరు పట్టీ. మా ఇంటామె దాన్ని పైకి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేందయ్యా, బాత్రూం తుడిచేదా? మనింట్ల ఉంది కదా!"

నవ్వు ఆపుకోలేకపోయాను. చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది మరి. దాని పేరు స్క్వీజీ. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగును లాగే పనిముట్టు. ఆ రబ్బరు పట్టీతో ఇంట్లో కూర్చుని నేను ఏం నేర్చుకున్నానో, ఎక్కడెక్కడ దెబ్బతిన్నానో మన గల్ఫ్ సోదరులతో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను ఇందులో ఉస్తాద్‌ని కాదు. సివిల్ డిప్లొమా చదివి, పదేళ్ళకు పైగా కాంక్రీటు దుమ్ములో తిరిగినవాణ్ణి. కొత్తగా నేర్చుకునేవాడి కష్టం కొత్తగా నేర్చుకున్నవాడికే బాగా గుర్తుంటుంది కదా!

ఖాళీ చేతులతో పదకొండు నెలలు

ఈ ఆలోచన పుట్టింది 2020లో. కరోనా దెబ్బకు మా సైట్ ఆగిపోయింది. రెండు నెలలు సగం జీతం, ఆ తర్వాత అదీ లేదు. వందే భారత్ విమానంలో ఇంటికి చేరాను. పదకొండు నెలలు ఇంట్లోనే ఉన్నాను. ఊళ్ళో నన్ను 'దుబాయ్ ఇంజినీరు' అంటారు. ఆ ఇంజినీరుకు ఊళ్ళో పని లేదు. ఇళ్ళు కట్టే మేస్త్రీల దగ్గరకు వెళ్తే, "సార్, మీకు మేమేం జీతం ఇస్తం" అని మర్యాదగానే పంపించేశారు. ఆరో నెలలో మా ఇంటామె పుస్తెలతాడు తాకట్టుకు వెళ్ళింది.

ఆ రోజుల్లో ఒకటి బాగా అర్థమైంది. ఇన్నేళ్ళూ నేను ఇంటికి డబ్బు పంపాను. డబ్బుతో ఇల్లు లేచింది, చెల్లి పెళ్ళి అయింది, అప్పు తీరింది. కానీ నేను ఉన్నా లేకపోయినా ఆ ఇంట్లో జరిగే పని అంటూ ఒక్కటి కూడా లేదు. మా ఇంటామె దగ్గర ఒక కుట్టు మిషను మాత్రం ఉంది. జాకెట్లు కుట్టేది.

2021లో మళ్ళీ వీసా దొరికింది. షార్జా వచ్చాక ఒకసారి మా కంపెనీ సేఫ్టీ జాకెట్ల మీద పేరు వేయించుకు రమ్మని ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక ప్రింటింగ్ షాపుకు పంపారు. రెండు వందల జాకెట్లు. నా కళ్ళ ముందే వేశారు. తిరుప్పూరు నుంచి వచ్చిన ఒక తమిళ అన్న. చేతిలో స్క్వీజీ, ముందు ఒక చట్రం. లాగితే ఒక జాకెట్, లాగితే ఒక జాకెట్! మిషను లేదు, మోటారు లేదు. తిరుప్పూరంటే బనియన్ల ఊరు కదా, అక్కడ చిన్నప్పటి నుంచి ఇదే పని చేశాడట. నేను అంత ఆసక్తిగా చూడటం గమనించి అన్నాడు.

"ఏముంది సార్, మీరు ఇసుక జల్లిస్తారు, నేను రంగు జల్లిస్తాను. అంతే!"

ఆ మాట నన్ను పట్టేసింది. తర్వాత ఎన్ని శుక్రవారాలు ఆ షాపుకు వెళ్ళి నిలబడి చూశానో లెక్కలేదు. సెలవుకు వెళ్తున్నానని చెబితే తన పాత స్క్వీజీ ఒకటి చేతిలో పెట్టాడు.

అసలు విషయం ఏమిటంటే...

స్క్రీన్ అంటే సన్నటి పాలిస్టర్ జాలీ. దాన్ని చెక్క చట్రానికో, అల్యూమినియం చట్రానికో బిగుతుగా లాగి అతికిస్తారు. ఆ జాలీ మొత్తం రంగును వదిలే జల్లెడ. ఎక్కడ రంగు దిగకూడదో అక్కడ రంధ్రాలు మూసేస్తాం. మన డిజైన్ ఉన్నచోట తెరిచి ఉంచుతాం. పైన రంగు పోసి స్క్వీజీతో లాగితే తెరిచిన చోట నుంచే కిందికి దిగి గుడ్డ మీద పడుతుంది. పెడనలో, మచిలీపట్నంలో కలంకారీ వాళ్ళు చెక్క అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు. ఇక్కడ అద్దడం లేదు, జల్లించడమే.

జపాన్ వాళ్ళు కాగితం కత్తిరించి బట్టల మీద డిజైన్లు వేసే పద్ధతిని చాలాకాలం నుంచి వాడుతున్నారు. పట్టు జాలీతో చేసే పద్ధతికి 1907లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌కు చెందిన శామ్యూల్ సైమన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అందుకే దీన్ని చాలాకాలం సిల్క్ స్క్రీన్ అనేవారు. ఇప్పుడు పట్టు పోయి పాలిస్టర్ వచ్చింది. పద్ధతి మాత్రం అదే.

రంధ్రాలు మూసే పని ఎమల్షన్ చేస్తుంది. పల్చటి పెరుగులా ఉంటుంది. జాలీకి పూసి చీకట్లో ఆరబెట్టాలి. దానిమీద వెలుతురు పడితే గట్టిపడుతుంది. వెలుతురు పడనిచోట నీళ్ళతో కడిగితే కరిగిపోతుంది. డిజైన్‌ను నల్లగా ప్రింటు తీసిన ప్లాస్టిక్ షీటును దానిమీద పెట్టి ఎండ చూపిస్తే, నలుపు కింద మెత్తగా, మిగతాచోట గట్టిగా తయారవుతుంది. కడిగితే డిజైన్ తెరుచుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇది షటరింగ్. మాలు ఎక్కడ పోవాలో, ఎక్కడ ఆగాలో ముందే కట్టిపెట్టుకోవడం!

వసారాలో మొదటి పాఠం

కరీంనగర్‌లో ప్రెస్సులకు సామాన్లు అమ్మే కొట్టులో చట్రం, ఎమల్షన్, గుడ్డ రంగులు కొన్నాను. అన్నీ కలిపి నాకు అయిన ఖర్చు మూడు వేల ఎనిమిది వందలు. వడ్ల బస్తాలు పెట్టే అర్రకు కిటికీ లేదు. అదే నా చీకటి గది. వసారా నా ప్రింటింగ్ ప్రెస్సు.

"ఏందిరా కొడుకా, సెలవొచ్చి పండుకోక ఇల్లంత పరిచినవ్" అని మా అమ్మ మొదటి రోజే తిట్టింది.

మొదటి రోజే మూడు తప్పులు చేశాను.

ఒకటి, జాలీ కడగకుండా ఎమల్షన్ పూశాను. కొత్తదే కదా అనుకున్నాను. కొత్త జాలీకి కూడా చేతి జిడ్డు, దుమ్ము ఉంటాయి. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక పూయాలి. లేకపోతే జిడ్డు ఉన్నచోట చేప కళ్ళలా గుండ్రటి ఖాళీలు మిగులుతాయి. నూనె పూసిన గోడకు సున్నం పట్టదు కదా!

రెండు, పైపైన ఆరితే చాలనుకున్నాను. ఎమల్షన్ లోపలి దాకా ఆరాలి. చట్రాన్ని గుడ్డకు తగిలే వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి, ఫ్యాన్ గాలికి ఆ చీకట్లోనే వదిలేయాలి. తొందరపడి అరగంటకే ఎండలోకి తెచ్చాను. కడిగితే డిజైన్‌తో సహా మొత్తం జారిపోయింది.

మూడోది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మర్నాడు మళ్ళీ పూసి, ఆరబెట్టి, షీటు పెట్టి, ఎండ చూపించి, కడిగాను. మా పాప పేరు చక్కగా తెరుచుకుంది. సంతోషంగా పాత పంచె మీద లాగాను. చట్రం ఎత్తి చూస్తే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి! అద్దంలో చూసుకుంటే తప్ప చదవలేం. షీటును నేను చట్రం అడుగువైపు, అంటే గుడ్డకు తగిలే వైపు, చదవడానికి వీలుగా పెట్టాను. అటువైపు నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి కనిపించాలి. అప్పుడే రంగు పోసే వైపు నుంచి సరిగ్గా ఉంటాయి. సైట్‌లో డ్రాయింగ్ తిరగేసి పట్టుకున్న హెల్పర్‌ను ఎన్నిసార్లు కసిరానో! ఆ రోజు వాళ్ళంతా గుర్తొచ్చారు.

ఎండకు క్యూబ్ టెస్ట్

అసలు చిక్కు ఎండ దగ్గర వచ్చింది. ఎంతసేపు చూపించాలి? తక్కువైతే ఎమల్షన్ కడిగేటప్పుడు జిగురుగా వచ్చేస్తుంది. ఎక్కువైతే నలుపు అంచుల కిందికి కూడా వెలుతురు దూరి, ఎంత కడిగినా అక్షరం తెరుచుకోదు. కొట్టువాడిని అడిగితే "రెండు నిమిషాలు" అన్నాడు. ఇంకొకరు "అయిదు" అన్నారు. ఎండ అందరికీ ఒకటేనా? మేలో మిట్టమధ్యాహ్నం ఎండ వేరు, డిసెంబరు పొద్దుటి ఎండ వేరు.

కాంక్రీటు బలం ఎంతుందో మేస్త్రీ మాట మీద నమ్మం కదా, క్యూబులు పోసి నొక్కి చూస్తాం. అదే పని చేశాను. స్క్రీన్ మీద డిజైన్‌ను నాలుగు పట్టీలుగా అనుకుని పైన నల్ల అట్ట కప్పాను. మొదటి నిమిషం ఒక పట్టీ తెరిచాను. రెండో నిమిషానికి ఇంకోటి. అలా నాలుగు నిమిషాలయ్యేసరికి మొదటి పట్టీకి నాలుగు, చివరి పట్టీకి ఒక నిమిషం ఎండ తగిలింది. వెంటనే నీడలోకి తెచ్చి కడిగాను. ఒక నిమిషం పట్టీ కొట్టుకుపోయింది. నాలుగు నిమిషాలది తెరుచుకోలేదు. రెండు నిమిషాలది కత్తితో కోసినట్టు వచ్చింది. ఆ ఎమల్షన్‌కు, ఆ జాలీకి, ఆ వేళ ఎండకు లెక్క అదీ. మీ ఇంటి లెక్క వేరే ఉంటుంది. ఈ పరీక్ష మాత్రం అందరికీ ఒకటే.

చట్రం కింద జాలీని తాకేలా నల్లగుడ్డ చుట్టిన స్పాంజి, పైన షీటు, దానిమీద గాజు పలక పెట్టాలి. షీటుకూ జాలీకీ మధ్య ఖాళీ ఉంటే వెలుతురు దూరి అక్షరాల అంచులు పాడవుతాయి. నలుపు నిజంగా నల్లగా ఉండాలి. లేజర్ ప్రింటు ఒక్కటి చాలకపోతే రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి కదలకుండా అతికించుకోవాలి.

కవర్ బ్లాకుల కిటుకు

లాగడం కూడా ఒక విద్యే. మొదట్లో అక్షరాలు అలుక్కుపోయాయి. స్క్రీన్ గుడ్డకు అంటుకుని ఉండటం వల్ల, ఎత్తేటప్పుడు రంగును పీక్కుని వస్తోంది. షార్జాకు ఫోన్ చేస్తే తిరుప్పూరు అన్న ఒక్క ముక్కలో చెప్పాడు: "స్క్రీన్‌కూ గుడ్డకూ మధ్య కొంచెం సందు ఉంచండి సార్."

స్లాబులో కడ్డీలు షటరింగ్‌కు తగలకుండా కవర్ బ్లాకులు పెడతాం. అదే ఇక్కడా. చట్రం నాలుగు మూలలా రెండేసి రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి అతికించాను. రెండు మూడు మిల్లీమీటర్ల సందు వచ్చింది. స్క్వీజీ నొక్కినచోటే జాలీ గుడ్డను తాకి, దాటగానే తనంతట తానే పైకి లేస్తుంది. అక్షరం శుభ్రంగా పడింది.

స్క్వీజీని కాస్త వాల్చి పట్టుకోవాలి. మధ్యలో ఆగకుండా, ఒకే ఒత్తిడితో, ఒక్క లాగుతో పోవాలి. నీళ్ళ రంగులు ఎండాకాలంలో జాలీలోనే ఆరిపోయి రంధ్రాలు పూడుకుపోతాయి. ఫ్యాన్ ఆపేయాలి. పనిలో కాసేపు ఆగితే స్క్రీన్ మీద పల్చగా రంగు పరిచి వదలాలి. పని అయిపోయిన నిమిషంలోనే కడిగేయాలి. తాపీ, గమేళా కడగకుండా ఇంటికి పోయే మేస్త్రీని మనం ఊరుకుంటామా?

ఇంకో మాట, తెలుగు అక్షరం గురించి. ఇంగ్లీషు పెద్దక్షరాలు వేయడం సులువు. మన అక్షరాలన్నీ గుండ్రాలు, లోపల చిన్న చిన్న కళ్ళు. 'లక్ష్మి' అని చిన్న సైజులో వేసి చూడండి. ఒత్తులన్నీ కలిసిపోయి రంగు ముద్దగా మారతాయి. గుడ్డ మీద వేసేటప్పుడు అక్షరం పెద్దగా, గీత ఒకే మందంలో ఉండే రకం ఎంచుకోవాలి. డీటీపీ షాపులో ఒత్తులకూ అక్షరానికీ మధ్య ఖాళీ కొంచెం పెంచమని చెప్పాలి. చిన్న అక్షరాలు కావాలంటే ఇంకా సన్న జాలీ కొనాలి. గుడ్డకు సెంటీమీటరుకు 43 నుంచి 55 దారాలున్న జాలీ సరిపోతుంది. శుభలేఖలకూ, విజిటింగ్ కార్డులకూ 90కి పైన ఉండాలి. ఇసుకకు ఒక జల్లెడ, పిండికి ఒక జల్లెడ!

నా కంటే ఆమె చేయి మంచిది

నలభై రోజుల సెలవులో ఇరవై రోజులు పాడుచేయడంతోనే గడిచాయి. పాత చీరలు, పంచెలు, దిండు గలీబులు అన్నీ నా ప్రయోగాలకు బలయ్యాయి. ఇరవై రెండో రోజు మా ఇంటామె వచ్చి "జర్ర జరుగు" అని స్క్వీజీ తీసుకుంది. మొదటి లాగుకే నాకంటే బాగా వచ్చింది.

నాకు కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం. తర్వాత ఆలోచిస్తే కారణం తెలిసింది. సూపర్‌వైజర్‌గా పదేళ్ళు నేను పని చేయించాను, నా చేత్తో చేయలేదు. నా కంటికి లెవెల్ తెలుసు, చేతికి తెలియదు. ఆమె రోజూ మిషను మీద గుడ్డను ఒకే తీరులో నడిపే మనిషి. చేతిలో నిదానం ఉంది. ఆ రోజు నుంచి నేను హెల్పర్‌ని, ఆమె మేస్త్రీ. సెలవు అయిపోయి తిరిగొచ్చేనాటికి కోరా గుడ్డ కొని, సంచి కుట్టి, దానిమీద పేరు వేయడం ఆమెకు వచ్చేసింది.

కాలం కూడా కొంచెం కలిసొచ్చింది. మన దేశంలో 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించారు. ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ సంచులు కూడా వద్దన్నారు. ఊళ్ళలో అమలు ఎంతన్నది వేరే సంగతి. ఫంక్షన్లలో గుడ్డ సంచి ఇవ్వడం మాత్రం గౌరవంగా మారింది. ఇక్కడ దుబాయ్‌లోనూ 2022 జులైలో సంచికి 25 ఫిల్స్ వసూలు మొదలుపెట్టి, 2024లో వాడిపారేసే సంచులను ఆపేశారు.

నూట యాభై సంచుల గుణపాఠం

2023 ఫిబ్రవరిలో ఒక ఒడిబియ్యం ఫంక్షనుకు నూట యాభై సంచులు ఆర్డరు వచ్చింది. పసుపు గుడ్డ, కుంకుమ రంగు అక్షరాలు. అప్పటిదాకా వచ్చినవాటిలో అదే పెద్దది. రెండు రోజులే గడువు. నేను షార్జాలో వీడియో కాల్‌లో ఉన్నాను.

గుడ్డ రంగు ఆరడం వేరు, పట్టడం వేరు. వేలికి అంటకపోతే ఆరినట్టు. ఉతికినా పోకపోతే పట్టినట్టు. పట్టాలంటే వేడి కావాలి. మేం వాడే రంగుకు, పూర్తిగా ఆరాక పైన పల్చటి గుడ్డ వేసి, కాటన్ వేడిలో ఇస్త్రీ పెట్టెను కదుపుతూ మూడు నాలుగు నిమిషాలు చేయాలి. నూట యాభై సంచులంటే పది గంటల ఇస్త్రీ.

"గింత సేపంటే రేపటికి కావయ్యా" అంది ఆమె.

"ఆరినయి కదా, పైపైన ఒకసారి లాగించెయ్" అన్నాను నేను.

సంచులు వెళ్ళాయి. వారం తిరగకముందే ఫోన్లు. ఉతికితే ఎర్ర రంగు దిగుతోందట. ఒకరింట్లో తెల్ల చొక్కాలకు అంటిందట.

ఆ రాత్రి క్యాంపులో నిద్ర పట్టలేదు. నాలుగైదు వేల నష్టానికి కాదు. స్లాబు పోసిన మూడో రోజే సపోర్టులు తీసేయమని ఒత్తిడి చేసినవాళ్ళతో నేను గొడవపడి, ససేమిరా అన్నవాణ్ణి. "పైకి గట్టిగా కనిపించినంత మాత్రాన లోపల బలం వచ్చినట్టు కాదు, క్యూరింగ్ కావాలి" అని కుర్రాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి నా ఇంట్లో, నా ఇంటామె చేత క్యూరింగ్ ఎగ్గొట్టించాను. కాంక్రీటుకు నీళ్ళతో క్యూరింగ్, రంగుకు వేడితో క్యూరింగ్. తేడా అంతే. అక్కడ నా పైవాళ్ళు చేసే తొందరే ఇక్కడ నేనూ చేశాను.

నూట యాభై సంచులూ కొత్తవి కుట్టి, వేసి, ప్రతిదాన్నీ నిమిషాల లెక్కన ఇస్త్రీ చేసి మా ఇంటామె తన చేత్తో ఇంటింటికీ ఇచ్చి వచ్చింది. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ ఆర్డరు ఇవ్వలేదు. కానీ మోసం చేశారని మాత్రం ఎవరూ అనలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక రూలు: ప్రతి ఆర్డరులో మొదటి సంచిని వేడి నీళ్ళలో సబ్బు పెట్టి ఉతకాలి. రంగు దిగితే అక్కడే ఆపేయాలి.

లెక్క ఉన్నదున్నట్టు

గొప్పలు చెప్పను. పెళ్ళిళ్ళ నెలల్లో మా ఇంటామెకు ఖర్చులు పోను పది పన్నెండు వేలు మిగిలిన రోజులున్నాయి. మూఢం వస్తే, ఆషాఢం వస్తే రెండు వేలు కూడా రావు. నా జీతానికి ఇది సాటి రాదు. రేపే వీసా క్యాన్సిల్ చేసుకుని రండి అని నేను ఎవరికీ చెప్పను.

వేల లెక్కన సంచులు కావాల్సినవాళ్ళు మిషను దగ్గరకే పోతారు. ఆ ధరకు మనం ఇవ్వలేం. ఫ్లెక్సీ పనీ మనది కాదు. యాభై నుంచి మూడు వందల లోపు, ఊరి ఫంక్షన్లు, బడి పిల్లల టీ షర్టులు, కిరాణా కొట్టు సంచులు... అదే ఇంటి ప్రింటింగ్‌కు సరిపడే చోటు. గుడ్డలా కనిపించే నాన్-వోవెన్ సంచుల జోలికి మొదట్లో పోకండి. అది ప్లాస్టిక్కే. ఇస్త్రీ పెడితే కరిగిపోతుంది. దానికి థిన్నర్ రంగులు కావాలి.

క్యాంపుల్లో ఉన్న తమ్ముళ్ళకు ఒక హెచ్చరిక. రూంలో ఈ పని పెట్టకండి. థిన్నర్, కిరోసిన్ లాంటివి పదిమంది పడుకునే గదిలో ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా మన వీసా మీద రాసి ఉన్న పని తప్ప బయట ఆర్డర్లు పట్టడం ఇక్కడ చట్టానికి విరుద్ధం. చూసి నేర్చుకోండి, అడిగి నేర్చుకోండి. చేయడం మాత్రం ఇంటి దగ్గర.

మొదటిసారి మొదలుపెట్టేవారికి

* చట్రం: లోపలి కొలత డిజైన్ కంటే అన్నివైపులా నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి. రెడీగా జాలీ అతికించినదే కొనండి. వేలితో నొక్కితే డప్పులా బిగుతుగా ఉండాలి.
* ఎమల్షన్: పొడి కలిపే బైక్రోమేట్ రకం చవకే, కానీ విషం. క్యాన్సర్ కారకం కూడా. డయాజో రకం గానీ, రెడీగా కలిపి వచ్చే ఫోటోపాలిమర్ రకం గానీ అడగండి.
* రంగు: ఇంట్లో పిల్లలుంటే నీళ్ళ రంగులే. కలిపే పాళ్ళు, వేడి చేసే పద్ధతి డబ్బా మీద ఉన్నట్టే చేయండి. చేతి అంచనా వద్దు.
* గుడ్డ: కోరా గుడ్డకు మగ్గం గంజి ఉంటుంది. ఒకసారి ఉతికి వేస్తే రంగు బాగా పట్టుకుంటుంది.
* కడగడం: చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు. పాత ఎమల్షన్ తీయడానికి బ్లీచింగ్ వాడితే ఆరుబయటే చేయండి. బాత్రూం యాసిడ్‌తో అస్సలు కలపకండి. విషవాయువు వస్తుంది. ఆ నీళ్ళు బావి, బోరు వైపు పోనివ్వకండి.
* మొదటి డిజైన్: ఒకటే రంగు, పెద్ద అక్షరాలు. రెండు రంగులు ఒకదాని పక్కన ఒకటి కుదిరేలా వేయడం ఆరు నెలల తర్వాతి మాట.

చివరి మాట

2024లో సెలవుకు వెళ్ళినప్పుడు వసారాలో నాకు చోటు లేదు. తాడు మీద ఆరుతున్న సంచులు, మూలన ఆరు చట్రాలు, గోడకు మేకు వేసి తగిలించిన స్క్వీజీలు. నేను తెచ్చిన పాతది పిడి దగ్గర నా చేతికి కాక ఆమె చేతికి అరిగి ఉంది. కార్టన్ విప్పుతుంటే ఆమె మొదట అడిగింది సెంటు సీసా కాదు.

"ఆ తిరుప్పూరు అన్న కొత్త రబ్బరు ఇచ్చిండా లేదా?"

ఇచ్చాడు. నా జీతం ఎప్పుడు ఆగినా, ఆ ఇంట్లో ఇప్పుడు ఆగని పని ఒకటి ఉంది. పుస్తెలతాడు తాకట్టు నుంచి బయటికొచ్చింది. నా డబ్బుతోనే వచ్చింది. కానీ ఈసారి మళ్ళీ పోదనే ధైర్యం మాత్రం ఆమె పనితో వచ్చింది. సెలవుకు వెళ్ళే తమ్ముళ్ళకు నా మాట ఇదొక్కటే. కార్టన్‌లో సామాన్లతో పాటు ఒక పని కూడా కట్టుకుపోండి. అది స్క్రీన్ ప్రింటింగే కానక్కర్లేదు. మొదటి ఇరవై రోజులు పాడవుతుంది. పాడవనివ్వండి. తర్వాత మీకంటే బాగా చేసే చేయి మీ ఇంట్లోనే దొరకొచ్చు. అప్పుడు స్క్వీజీ వాళ్ళ చేతికిచ్చి, మీరు పక్కకు జరగండి.